‘నాకేమీ రాదు’ అన్న పిల్లల పక్షాన

గత సంచికలో మన సంఘ సభ్యులొకరు, నాకు పాతికేళ్ళుగా మిత్రులు, పిల్లల ఇంజనీరింగు చదువుల మీద ఒక వ్యాసం వ్రాశారు. అందరూ చదివే ఉంటారు గనుక పేరు మళ్ళీ చెప్పనక్కరలేదు. ఆయన వాదన సారాంశం ఇది: మన పిల్లలు సెలవుల్లో ఇంటర్న్‌షిప్పు కోసం కంపెనీలకు వెళుతున్నారు; అక్కడ చిన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పలేక తెల్లమొహాలు వేస్తున్నారు; అందువల్ల పంపిన తండ్రుల పరువూ, మొత్తంమీద తెలుగువాళ్ళ పరువూ పోతున్నది; కాబట్టి సంఘం నిధుల్లోంచి కొంత తీసి, ఒక కోచింగు మాస్టారుని పిలిపించి, ఇంటర్న్‌షిప్పుకి ముందు రెండు వారాలు ‘తయారీ తరగతులు’ నడపాలి. ఈ ప్రతిపాదన వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చకు వస్తున్నదని విన్నాను. దాన్ని తోసిపుచ్చమని అడగడానికే ఇది వ్రాస్తున్నాను. మిత్రునిమీద నాకు కోపమేమీ లేదు. ఆయన వ్రాసిన ప్రతి మాటా ఏడాది క్రితం దాకా నేనూ అన్నవాణ్ణే.

మా రెండో అమ్మాయి ఇండియాలో ఒక నిట్‌లో సివిల్ చదువుతోంది. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు కేటాయించిన సీట్లలో వచ్చింది. ఆ సీట్లకు ఫీజు అక్కడి పిల్లలతో సమానం గనుక మనలో చాలా ఇళ్ళలో ఇదే దారి. మూడో ఏడు పూర్తికాగానే కిందటి జూన్‌లో షార్జా వచ్చింది. నేనొక ఫోను చేశాను. (ఆ ఫోను సంగతి తర్వాత చెబుతాను.) ఒక కాంట్రాక్టింగు కంపెనీలో ఎనిమిది వారాలకు చోటు దొరికింది. మొదటిరోజు తెల్లవారకముందే లేచి, హెల్మెట్టూ బూట్లూ వేసుకుని ఆరింటికల్లా సైటులో ఉంది. అక్కడి సైటు ఇంజనీరు ఒక బార్ బెండింగ్ షెడ్యూలు చేతికిచ్చి, పునాది రాఫ్టులో కడుతున్న స్టీలు దాని ప్రకారం ఉందో లేదో చూసి రమ్మన్నాడు. అమ్మాయి ‘యస్ సార్’ అంది. ఆ కాగితం మీది బ్రిటిష్ పద్ధతి షేపు కోడ్‌లు అంతకుముందు అది చూసి ఎరగదు. అలాంటి షెడ్యూలు ఒకటుంటుందని పుస్తకంలో ఒక పేజీ చదివిందంతే. రెండు గంటలు ఎండలో కాగితం పట్టుకుని తిరిగి, వరసగా టిక్కులు పెట్టి, ‘ఓకే సార్’ అని ఇచ్చేసింది.

ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుని, ‘నాన్నా, నాకేమీ రాదు. మూడేళ్ళు ఏం చదివానో నాకే తెలియడం లేదు’ అని ఏడ్చింది. పదికి తొమ్మిది దాకా పాయింట్లు తెచ్చుకునే పిల్ల. నేనేం చేశానంటారా? తండ్రిగా చేయవలసింది మాని, ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టాను. మా రోజుల్లో కాలేజీ గడప దాటితే చాలు డిజైనులు చేసేవాళ్ళమనీ, లెవెలింగు నిద్రలో కూడా చేసేవాళ్ళమనీ, ఇప్పటివన్నీ బట్టీ చదువులనీ అరగంట ఉపన్యాసం. మా ఆవిడ పళ్ళేలు తీస్తూ నా వంక ఒక చూపు చూసింది. ఆవిడకు నిజం తెలుసు.

ఆ నిజం ఈ పత్రికలో అచ్చు వేయిస్తున్నాను. 1987లో పట్టా పుచ్చుకుని నేనొక కాలువ పనిలో చేరాను. ఇంటర్న్‌షిప్పు కాదండీ, జీతం పుచ్చుకునే ఉద్యోగం. మొదటి వారంలోనే డంపీ లెవెలు ఇచ్చి కాలువ గట్టు వెంబడి లెవెల్సు తీయమన్నారు. కాలేజీలో ఆ పరికరం చుట్టూ పదిహేనుమందిమి నిలబడేవాళ్ళం. ఇద్దరు చూసేవారు, పదమూడుమంది రికార్డు కాపీ చేసేవారు. నేను ఏ బృందంలోవాణ్ణో వేరే చెప్పాలా? పాత డంపీ లెవెలులో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. స్టాఫు మీది అంకెలను పైనుంచి కిందికి చదువుకోవాలి. నేను అలవాటు కొద్దీ కిందినుంచి పైకి చదివాను. 1.36 అని వ్రాయవలసిన చోట 1.44 అని వ్రాశాను. అర కిలోమీటరు అలాగే పోయాను. చివరకు స్టాఫు పట్టుకున్న ఖలాసీ, నా తండ్రి వయసువాడు, దగ్గరకొచ్చి మెల్లగా, ‘బాబుగారూ, ఎండకి కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి, ఒక్కసారి ఈ చివరిది మళ్ళీ చూడండి’ అన్నాడు. ఎండ మీదికి నెట్టి నా పరువు కాపాడాడు. అర కిలోమీటరూ మళ్ళీ తీశాం. పై అధికారికి తెలియలేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. మధ్యలో ముప్ఫై ఏళ్ళపాటు ఎంతోమంది కుర్రాళ్ళను ‘మీకేమీ రాదు’ అని కోప్పడ్డాను.

మనలో ఎవరి మొదటి వారం ఇంతకంటె గొప్పగా గడిచింది? చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో చూడాలని ఉంది.

కాలేజీల తప్పేమీ లేదని నేననను. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందల దాకా పెరిగిన సంగతీ, వాటిలో ఎన్నిటికి సరైన లాబొరేటరీ ఉండేదన్న సంగతీ అందరికీ తెలిసినవే. అది వేరే వ్యాసం. అయితే ఎంత మంచి కాలేజీ అయినా మా అమ్మాయికి ఆ మొదటిరోజు పని నేర్పగలిగేదా అని అడుగుతున్నాను. అక్కడ కాంక్రీటు పాఠం ఐఎస్ 456 ప్రకారం చెబుతారు. ఇక్కడ డ్రాయింగు మీద బ్రిటిష్ కోడో, అమెరికావాళ్ళ ఎసిఐ కోడో ఉంటుంది. అక్కడ కాంక్రీటు పగలు పోస్తారు. ఇక్కడ జూన్, జూలైలలో పెద్ద పోతలన్నీ రాత్రే; నీళ్ళలో కొంత భాగానికి బదులు ఐసు వేసి కలిపిన కాంక్రీటు వస్తుంది, అది ఎన్ని డిగ్రీలుందో థర్మామీటరు గుచ్చి చూసిగాని లారీని లోపలికి రానివ్వరు. సముద్రం ఒడ్డున నేలలో ఉప్పు. పునాదిలో కడ్డీకి కవరు తగ్గిందంటే ఉప్పు లోపలికి దిగి తుప్పు పడుతుంది. బుర్జ్ ఖలీఫా పునాదిలో 192 పైల్సు దింపి, నేలలోని ఉప్పునీటి భయానికి ఇనుముకి కాథోడిక్ రక్షణ కూడా పెట్టుకున్నారు. కాంక్రీటును 600 మీటర్లకు పైగా పంపుచేసి ఎక్కించారు. 2010 జనవరిలో అది ప్రారంభమైన నాడు మనమంతా టీవీల ముందు కూర్చుని పొంగిపోయాం. ఆ పని తెలిసిన ఇంజనీరు కాలేజీలోంచి తయారై వచ్చాడా? ఆ పని మీదే తయారయ్యాడు.

ఈ సంగతి కనిపెట్టింది నేను కాదు. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగు ఆచార్యుడు 1906లోనే, తరగతి గదిలో నేర్పడానికి వీలులేనిది ఈ వృత్తిలో చాలా ఉందని గుర్తించి, విద్యార్థులు కొంతకాలం కాలేజీలో, కొంతకాలం కర్మాగారంలో ఉండే పద్ధతి పెట్టాడు. ఎంఐటిలో కెమికల్ ఇంజనీరింగు వాళ్ళు 1916లో ప్రాక్టీస్ స్కూలు తెరిచారు. మన దేశంలో పిలానీ బిట్స్ 1973లో అదే పేరుతో అలాంటిదే మొదలుపెట్టింది. 2000లో ఆ సంస్థ దుబాయిలో పెట్టిన శాఖలోనూ ఆ పద్ధతి వచ్చింది, మన పిల్లలు కొందరు అందులో చదివినవాళ్ళే. ఆ 1973లోనే పార్లమెంటు 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను కూడా అందులో చేర్చింది. అంటే పట్టా వచ్చినవాడికి కూడా పని రాదని చట్టం చేసినవాళ్ళు ఒప్పుకున్నారు. 2018లో ఎఐసిటిఇ తన మాదిరి పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేసింది. ఇదంతా దేనికి? విద్యార్థికి రాదు గనుక. వచ్చినవాడికి ఇంటర్న్‌షిప్పు ఎందుకు, ఉద్యోగమే ఇవ్వవచ్చు కదా! ఈత రానివాళ్ళ కోసం చెరువు దగ్గర బడి పెట్టి, ఈత వచ్చినవాళ్ళే రావాలంటే ఎలా ఉంటుందో, మన మిత్రుని ‘తయారీ తరగతులు’ అలా ఉన్నాయి.

‘ఇండస్ట్రీకి సిద్ధంగా లేరు’ అనే మాట ఎవరు పుట్టించారో, ఎవరికి లాభమో కూడా చూడాలి. 2005లో నాస్కామ్, మెకిన్సీ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. మన ఇంజనీరింగు పట్టభద్రుల్లో నూటికి పాతికమందే బహుళజాతి కంపెనీల ఉద్యోగాలకు పనికివస్తారని అందులో తేల్చారు. అప్పటినుంచి ఆ లెక్కను ఎక్కని వేదిక లేదు, చెప్పని ముఖ్య అతిథి లేడు. కాని ఆ ముఖ్య అతిథులు చెప్పని సంగతి ఒకటుంది. ఇన్ఫోసిస్ మైసూరులో ఒక ఊరంత శిక్షణ కేంద్రం కట్టుకుని, తానే పరీక్షలు పెట్టి ఏరుకున్న పిల్లలకు నెలల తరబడి పాఠాలు చెప్పింది. మన చిన్నతనంలో ప్రభుత్వరంగ సంస్థల్లో చేరిన ఇంజనీరును ఏడాదిపాటు ట్రెయినీ అనే పిలిచేవారు, షాపులన్నీ తిప్పేవారు, ఆ ఏడాది అతణ్ణి ఎవరూ ‘నీకేమి వచ్చు’ అని అడిగేవారు కాదు. నేర్పడం కంపెనీ ఖర్చు. ఇప్పుడు ఆ ఖర్చు మోయడానికి ఇష్టంలేక, దాన్ని తండ్రి జేబు మీదికీ, పిల్లవాడి గుండె మీదికీ నెట్టి, దానికి ‘సిద్ధంగా లేరు’ అని పేరు పెట్టారు. మన సంఘం ఆ బిల్లు చెల్లించడానికి ముందుకొస్తున్నది.

ఈ దేశంలోనే ఎదురుగా ఉన్న ఉదాహరణ చూడండి. బరాకా అణువిద్యుత్ కేంద్రానికి 2009 డిసెంబరులో కొరియావాళ్ళతో ఒప్పందం కుదిరింది. 2020 ఆగస్టులో మొదటి యూనిట్ గ్రిడ్డుకు కలిసింది. నడిపేవాళ్ళను తయారుచెయ్యడానికి ఎమిరాతీ యువతీ యువకులను కొరియా పంపి, అక్కడి కేంద్రాల్లో పని నేర్పించి, ఆ తర్వాతే లైసెన్సులు ఇచ్చారు. వాళ్ళను ఎవరైనా ‘మీరింకా సిద్ధంగా లేరు, సిగ్గుచేటు’ అన్నారా? సిద్ధంగా లేరు గనుకనే పంపారు. తన పిల్లలనుకుంటే దేశమైనా కంపెనీ అయినా అలాగే చేస్తుంది.

మళ్ళీ మా అమ్మాయి దగ్గరకొస్తాను, అసలు చెప్పవలసింది అక్కడుంది.

రెండో రోజు అది వాళ్ళ అమ్మతో ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే, స్టీలు కట్టేవాళ్ళలో ఒకతను విన్నాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఏడో తరగతి చదువు. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో కడ్డీలు వంచుతున్నాడు. దగ్గరకొచ్చి, ‘తెలుగువాళ్ళా మేడం’ అని అడిగి, అటూ ఇటూ చూసి, ‘నిన్న మీరు టిక్కు వెట్టిన కాడ కింది వరసల కడ్డీలు తక్కువున్నయ్. మేము ఇంక కట్టనే లేదు. ఎట్ల ఓకే అన్నరు?’ అన్నాడు. అమ్మాయికి కాళ్ళకింద నేల జరిగినట్టయింది. పోత ఇంకా నాలుగు రోజులుంది. ఈ లోపల వాళ్ళు కడతారు, కన్సల్టెంటు వచ్చి చూస్తాడు. ప్రమాదం ఏమీ జరగలేదు. కాని అది పెట్టిన టిక్కు అబద్ధపు టిక్కు. అది ఎందుకు పెట్టిందో ఒక్కసారి ఆలోచించండి. ఆ పిల్ల బద్ధకస్థురాలు కాదు, మోసగత్తె అంతకంటె కాదు. ‘నాకు రాదు’ అనడం పరువుతక్కువ అని ఇంట్లో నేను నేర్పాను, స్కూల్లో నేర్పారు, కోచింగులో మరీ గట్టిగా నేర్పారు. అడిగితే చులకనైపోతానన్న భయంలో అది ‘ఓకే సార్’ అంది.

మిత్రుడు చెప్పే తరగతులు ఈ భయాన్ని ఇంకా ముదరబెడతాయి. రెండు వారాల్లో పిల్లలకు నాలుగు మాటలు వస్తాయి: స్లంపు, ల్యాపు, షట్టరింగు, క్యూరింగు. ఆ మాటలతో రెండు రోజులు తెలిసినట్టు నటించగలుగుతారు. తెలియదని చెప్పే ధైర్యమున్న పిల్లవాడు సైటులో ఎవరికీ హాని చెయ్యడు. తెలిసినట్టు తలూపే పిల్లవాడు చేస్తాడు, ఇవాళ కాకపోతే ఇంజనీరై సంతకం పెట్టే రోజున. ఆ సంతకం కింద మనుషులు కాపురముంటారు.

జగిత్యాల మనిషి ఆ సంగతి సైటు ఇంజనీరుకి చెప్పలేదు. సాయంత్రాలు పని ముగిశాక పావుగంటో అరగంటో అమ్మాయికి చూపించడం మొదలుపెట్టాడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నిబంధన కదా. ఆ విరామంలో నీడన కూర్చున్నప్పుడు కూడా. కడ్డీల మధ్య దూరం ఒక్కొక్కటీ కొలవకుండా పది ఖాళీలకు కలిపి టేపు పట్టి పదితో భాగించాలనీ, కవరు బ్లాకులు కాళ్ళు తగిలి పక్కకు పోతాయి గనుక పోతకి ముందు మళ్ళీ చూడాలనీ, తీగ ఎలా మెలిపెట్టాలనీ చూపించాడు. ఒకనాడు లారీ దిగింది. ‘పదహారు ఎంఎం, పన్నెండు మీటర్ల కడ్డీ. ఒక్కటి ఎంత బరువుంటది మేడం?’ అన్నాడు. అమ్మాయి కాలిక్యులేటరు వెతుక్కుంటుంటే, ‘పదహారును పదహారుతో కొట్టి నూట అరవై రెండుతో పంచు. మీటరుకు కిలోన్నర పైన. కడ్డీకి పందొమ్మిది కిలోలు. యాభై కట్టినమంటే టన్నుకు తక్కువ. గది చూసుకొని క్రేనుకు చెప్పాలె’ అన్నాడు. ఈ 162 ఎక్కడనుంచి వచ్చిందని అమ్మాయి అడిగితే, ‘మా మేస్త్రీ చెప్పిండు, ఆయనకు వాళ్ళ మేస్త్రీ చెప్పిండు’ అన్నాడు.

ఆ రాత్రి అమ్మాయి కాగితం పట్టుకుని కూర్చుంది. కడ్డీ గుండ్రన, వైశాల్యానికి ‘పై’ లో నాలుగో వంతు, వ్యాసం వర్గం, మీటరు పొడవు, ఘనపు మీటరు ఉక్కు 7850 కిలోలు, మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చుకుంటే తేలేది వ్యాసం వర్గంలో 162వ వంతు. మర్నాడు ఇసుకలో పుల్లతో గీసి అతనికి చూపించింది. అతను కొంతసేపు చూసి, ‘గంతేనా! ఇరవై రెండేండ్ల సంది లెక్క కట్టుకుంట తిరుగుతున్న, ఎవరూ చెప్పలే. మరి అల్యూమినియం అయితే వేరే నంబరు రావాలె కదా?’ అన్నాడట. ఆ రోజునుంచి మేడం పోయి ‘బిడ్డా’ వచ్చింది. ఇది కూడా అతన్ని ‘బాబాయ్’ అంటోంది. మూడేళ్ళు ఏం చదివిందో దానికి తెలిసింది ఆ ఇసుక మీద. కాలేజీ ఇచ్చింది కారణం, సైటు ఇచ్చింది లెక్క. ఏ తరగతి గదిలోనూ ఈ రెండూ కలవవు.

ఇది మనకు కొత్త సంగతి కానే కాదు. ధవళేశ్వరంలో 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌ను మన గోదావరి జిల్లాలవాళ్ళు కాటన్ దొరగారని ఇప్పటికీ తలుచుకుంటారు. అంతటివాడు, అంతులేని లోతు ఇసుకలో పునాది నిలబెట్టే ఉపాయాన్ని కావేరి మీద పూర్వం ఆనకట్ట కట్టిన మనవాళ్ళ పనిని చూసే నేర్చుకున్నామని స్వయంగా వ్రాసుకున్నాడు. తనకు రానిది రాదని అచ్చులో ఒప్పుకున్నాడు. మన పరువు దానికంటె పెద్దదా?

ఇక ఫోను సంగతి. మన పిల్లలకు ఇక్కడ ఇంటర్న్‌షిప్పులు ఎలా దొరుకుతున్నాయి? సంఘం పిక్నిక్కులో పరిచయమైన ఫలానా మేనేజరుగారికి ఒక ఫోను. ఆయన తన కింది ఇంజనీరుకి ఒక ఫోను. ఆ ఇంజనీరుకి మన పిల్ల ‘సార్ చెప్పిన పిల్ల’. అలాంటి పిల్లను ఎవరూ కోప్పడరు, ఎవరూ నేర్పరు. చల్లగా క్యాబినులో కూర్చోబెట్టి, ఎక్సెల్‌లో ఏవో అంకెలు ఎక్కించి, టీ ఇప్పించి, ఆఖర్న సర్టిఫికెట్టు ఇచ్చి పంపుతారు. మా అమ్మాయిని మొదటిరోజే ఎండలోకి తోలిన ఆ ఇంజనీరుకి నేను ఋణపడి ఉన్నాను. షెడ్యూలు చదవడం ఒక్క అరగంట చెప్పి తోలి ఉంటే ఇంకా ఋణపడేవాణ్ణి. పిల్ల సిద్ధంగా లేదని గొణుగుతున్న మనం, సిద్ధం కావడానికి వచ్చిన ఎనిమిది వారాలనూ మన పలుకుబడితోనే పాడుచేస్తున్నాం.

ఇంకొకటి. ఆ జగిత్యాల మనిషికి ఒక కొడుకున్నాడు. కరీంనగర్‌లో బీటెక్ చదువుతున్నాడు. ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి అన్నారు గనుక నాలుగు కంపెనీల చుట్టూ తిరిగి, దొరకక, డబ్బు కట్టి ఆన్‌లైనులో ఏదో పూర్తిచేసినట్టు కాగితం తెచ్చుకున్నాడట. ‘మావోడు సైటు చూడలే బిడ్డా, నువ్వు చూస్తున్నవు’ అని మామూలుగా అన్నాడు, ఫిర్యాదుగా కాదు. అమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన కొడుక్కి నేర్పించలేని పని నా కూతురికి నేర్పుతున్నాడు. అతనికి ఫోను చేయడానికి ఎవరూ లేరు. ఇక్కడే షార్జా, అజ్మాన్‌లలో డ్రైవర్ల పిల్లలు, టెక్నీషియన్ల పిల్లలు, తెలుగువాళ్ళే, ఇంజనీరింగు చదువుతున్నవాళ్ళున్నారు. వాళ్ళెవరూ మన పిక్నిక్కులకు రారు. పిలిస్తే కదా!

కనుక కోచింగు మాస్టారు ప్రతిపాదనకు బదులుగా నా ప్రతిపాదన ఇది. సంఘంలో నాకు తెలిసి ఇంజనీరు పనిలో ఉన్నవాళ్ళు ముప్ఫైమందికి తక్కువ లేరు. ఒక్కొక్కరు వేసవిలో ఒక పిల్లవాణ్ణి తీసుకోవాలి. తన పిల్లవాడు కాకూడదు, తన స్నేహితుడి పిల్లవాడు కూడా కాకూడదు. ఫోను చేసేవాళ్ళు లేని ఇంటి పిల్లవాడు. మొదటిరోజు ఆ పిల్లవాడితో తాను తొలి ఉద్యోగంలో చేసిన ఒక తప్పు చెప్పాలి. వారానికి ఒక గంట అతను అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తనకు తెలియకపోతే తెలియదనాలి. కంపెనీ అనుమతి, బీమా, సేఫ్టీ శిక్షణ ఇవన్నీ ఉంటాయని నాకు తెలుసు. దొంగచాటుగా సైటులోకి తీసుకుపొమ్మనడం లేదు. తన పిల్ల కోసం అనుమతి తెప్పించగలిగినవాడు ఇంకొకరి పిల్లకోసం కూడా తెప్పించగలడు.

ఇది సాధ్యంకాదని మిత్రుడు అంటారు. ఎవరికీ తీరిక లేదంటారు. నవరాత్రులకు పందిరి వెయ్యడానికి నెలరోజులు తీరిక దొరికిన సంఘం మనది.

నా పేరు మొదట వ్రాసుకోండి. ఈ వేసవికి ఇద్దరిని తీసుకుంటాను. ఒకడు అజ్మాన్‌లో ఉంటాడు, రెండోవాడు కరీంనగర్ నుంచి విజిటు వీసా మీద తండ్రిని చూడటానికి జూన్‌లో వస్తున్నాడు. అతనికి సైటులో పని చేసే అనుమతి ఉండదు. సెలవురోజు మా ఇంటి వరండాలో డ్రాయింగులు చదవడానికి ఏ అనుమతీ అక్కరలేదు.

తరగతి అంటూ ఒకటి పెట్టే తీరాలని కార్యవర్గం పట్టుబడితే, మాస్టారు కూడా నా దగ్గరున్నాడు. జగిత్యాల మనిషిని అడిగాను. ఆదివారం సెలవు, వస్తానన్నాడు. జీతం వద్దన్నాడు, కాని ఇప్పించాలి. కోచింగు మాస్టారుకి ఇవ్వదలచింది ఇతనికి ఇవ్వవచ్చు. రెండేసి మీటర్ల 12 ఎంఎం కడ్డీలు పది, కవరు బ్లాకులు పాతిక, బైండింగు తీగ ఒక చుట్ట, హుక్కులు నాలుగు కావాలన్నాడు. అవి నేను తెస్తాను. హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో కార్యదర్శిగారు తెలియజేయగలరు.